సగం చూపించే గ్లాసు

లెక్కల కేంద్రం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 3

అత్తకి,

ముందు ఆ వసారా కుర్చీలో కూర్చో. కూర్చున్నావా? వానల పైప్‌లైన్ ఇక నాది! నిన్నటిదాకా నడిపినాయన వేరే పనికి మారాడు. పొద్దున్నే మా పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇవాళ్టి నుంచి మీరే చూసుకోండి" అని పాస్‌వర్డ్ రాసిన కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఈయన్ని ఇక్కడ అందరూ చాటుగా జల్లెడ మాస్టారు అంటారు. దొంగ అంకెల్ని పట్టుకునే ఐదో దశ రాసింది ఆయనే.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నీకు సగం వినపడదు, మిగతా సగానికి ఊరికే "ఆఁ ఆఁ" అనేస్తావు. అందుకే ఉత్తరం.

పైప్‌లైన్ అంటే గొట్టాలేమీ ఉండవు. పధ్నాలుగు వందల వాన కేంద్రాల్లో అరవై ఏళ్ళుగా నీలాంటివాళ్ళు రోజూ చేత్తో రాసిన కాగితాలన్నిటికీ ఫొటోలు తీసి, అంకెలు టైపు చేసి పెట్టారు. ఆ అంకెలు ఒక చివర లోపలికి వెళ్ళి పదకొండు దశలు దాటాలి. ఒక దశలో తేదీలు సరిచూస్తాం, ఇంకో దశలో ఒకే రోజు రెండుసార్లు పడిందేమో చూస్తాం. ఒకదాంట్లోంచి బయటికి వచ్చిందే తర్వాతి దానికి మేత. ఆఖర్న వచ్చే పట్టికని చూసి నదికి కరకట్ట ఎంత ఎత్తు కట్టాలో తేలుస్తారు. ఇదంతా చేసే యంత్రాలు కింది అంతస్తులో బీరువాల్లా వరుసగా నిలబడి ఉంటాయి. అవి మా ఒక్కళ్ళవే కావు. నక్షత్రాలు చూసేవాళ్ళు, మందులు కనిపెట్టేవాళ్ళు అందరూ పనులు పంపించి వంతు కోసం క్యూలో ఉంటారు.

మొదటి రోజే నా పరువు పోయింది. నాలుగు గంటలు క్యూలో పడిగాపులు పడి వంతు వచ్చాక, ఫైలు పేరులో ఒక అక్షరం తప్పుందని యంత్రం ఆరు సెకన్లలో తిప్పి పంపింది.

అన్నట్టు నీ కేంద్రం కూడా ఉంది. నంబరు 417. నీ చేతిరాత కనపడగానే గదిలో అందరికీ చూపించి గొప్పలు పోయాను.

నీ పిడుగు

*

ఇల్లు, వెనక వసారా
ఫిబ్రవరి 12

పిడుగూ,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒకసారి నీ కోసం, మూడుసార్లు 417 కోసం. మీ నాన్నకి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుని జలుబన్నాడు. మా తమ్ముడికి సంతోషం వచ్చినప్పుడల్లా జలుబే.

నా కాగితాలు ఏ బీరువాలోనో చెదలకి తిండి అయిపోయి ఉంటాయనుకున్నాను. ఇరవై ఆరేళ్ళు చేశానే ఆ పని. పొద్దున ఎనిమిదిన్నర కొట్టేసరికి కంచె గేటు తీసి, గరాటు ఎత్తి, కింద సీసాలో పడిన నీళ్ళు గ్లాసులోకి ఒంపి, మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు గీతకి సమానంగా పెట్టి చదివి రాయాలి. పెళ్ళిళ్ళకి కూడా తొమ్మిది దాటాకే బయల్దేరేదాన్ని. అందరూ వాన పడితే ఇంట్లోకి పరిగెత్తేవాళ్ళు, నేను బయటికి పరిగెత్తేదాన్ని. నన్ను చూసి వీధిలో నవ్వని వాళ్ళు లేరు.

నా వాన ఎన్ని దశలు దాటిందో ఎప్పటికప్పుడు రాయి. పదకొండూ దాటిన రోజు వీధి ఈ చివర్నుంచి ఆ చివరకి నడిచి ప్రతి గుమ్మంలో చెప్పుకుంటాను. నవ్వినవాళ్ళ గుమ్మాల్లో రెండుసార్లు.

వేళకి తింటున్నావా? ఆ యంత్రాలకి పెట్టే శ్రద్ధలో పావు వంతు నీ పొట్ట మీద పెట్టు.

అత్త

*

లెక్కల కేంద్రం, రెండో అంతస్తు
మార్చి 9

అత్తకి,

ఇక్కడ క్షేమం. పని కాస్త ఎక్కువగా ఉంది. నాలుగో దశ అన్ని కేంద్రాలూ దాటాయి.

చిన్న సందేహం. రిపోర్టులో రాయడానికి ఊరికే అడుగుతున్నాను. నువ్వు కొలిచిన గ్లాసు ఎలా ఉండేది? గీతలు ఎంతెంత దూరానికి ఉండేవి? చివరి అంకె కనపడింది కనపడినట్టు రాసేదానివా, దగ్గర్లో ఉన్న అంకెకి సర్దేదానివా? పాతవాళ్ళందరినీ అడుగుతున్నాం.

త్వరగా రాయి. నాన్నకి జలుబు తగ్గిందా?

పిడుగు

*

ఇల్లు, వెనక వసారా
మార్చి 15

ఏమే,

నీకు పిడుగని పేరు పెట్టిందే నేను. నా దగ్గరా నాటకాలు? ముందు ఉత్తరం నాలుగు పేజీలు, ఇప్పుడు అర పేజీ. పాతవాళ్ళందరినీ అడుగుతున్నారట! పాతవాళ్ళలో సగం మంది ఇప్పుడు జవాబిచ్చే చోట లేరు.

గ్లాసు గ్లాసులాగే ఉండేది. గాజుది. గీతలు గీతల్లాగే ఉండేవి. సర్దడం నాకు చేతకాదు.

నా అంకెలకి ఏమయిందో ఉన్నది ఉన్నట్టు రాయి. చెప్పకుండా దాచి నన్ను కాపాడుతున్నానని మాత్రం అనుకోకు. మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

అత్త

*

లెక్కల కేంద్రం, రెండో అంతస్తు
మార్చి 21

అత్తా,

తప్పయిపోయింది. అంతా చెబుతాను.

ఐదో దశ చివరి అంకెల్ని చూస్తుంది. నిజంగా కొలిచిన వానల చివర సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఇంచుమించు సమానంగా వస్తాయి. కొలవకుండా ఇంట్లో కూర్చుని కాకిలెక్కలు రాసేవాళ్ళ చెయ్యి కొన్ని అంకెల మీదకే పోతుంది. నీ మొదటి నాలుగేళ్ళూ ముత్యాల్లా ఉన్నాయి. ఐదో ఏడు ఆగస్టు నుంచి రిటైరయ్యేదాకా ఉన్నవి సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, అంతే. ఇరవై రెండేళ్ళలో రెండువేల నూటపది వానలు కొలిచావు. వాటిలో బేసి అంకెతో ముగిసినవి పదిహేడు. అవి కూడా టైపు చేసినవాళ్ళ తప్పులని మాస్టారు పక్కన రాశారు. పైప్‌లైన్ నీ కేంద్రానికి "కల్పితం" అని ముద్ర వేసింది.

ఈమె మా మేనత్త అని ఆ రోజే ఆయనకి చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "అయితే ఈ కేంద్రం సంగతి మీరు తేల్చకూడదు. ఆధారం తెస్తే నేనే చూస్తాను. మంచి మనిషి అనే మాటని మాత్రం ఆధారమని తేవద్దు" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

పూర్తి లెక్క నడపడానికి మాకు జూన్ 12న ఒక్క రోజు యంత్రాలు కేటాయించారు. ఆ తర్వాత పట్టిక మూసేస్తారు. కొట్టేసిన కేంద్రాల జాబితా కొలిచినవాళ్ళ పేర్లతో సహా అందరికీ కనపడేలా పెడతారు. ప్రస్తుతం అందులో అరవై ఒక్క పేర్లున్నాయి.

నువ్వు దొంగలెక్క రాశావంటే నేను నమ్మను. కానీ ఐదో ఏడు ఆగస్టులో ఏదో జరిగింది. అదేమిటో చెప్పు.

నీ పిడుగు

*

ఇల్లు, వెనక వసారా
ఏప్రిల్ 2

పిడుగూ,

పది రోజులు నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని దాని చుట్టూ తిరిగాను. మీ నాన్నకి కూడా ఇన్నేళ్ళలో చెప్పని మాట ఇది.

ఆ ఏడు తడి చేతుల్లోంచి అసలు గ్లాసు జారి గట్టు మీద పడి ముక్కలైంది. పరికరాలిచ్చే మా ఆఫీసు స్టోరుకి కబురు చేస్తే మూడు వారాలకి కొత్తది పంపారు. ఆ మూడు వారాల వాననీళ్ళూ పారబోయలేదు. రోజుకో సీసాలో పోసి, మూత బిగించి, తేదీ అంటించి అలమారలో దాచాను. గ్లాసు తెచ్చినతను బండి వెళ్ళిపోతుందని తొందరపెడుతుంటే పెట్టె విప్పకుండానే "సరైన గ్లాసు అందినది" అన్న కాగితం మీద సంతకం పెట్టాను. ఆ తప్పు నాదే.

అతను వెళ్ళాక మొదటి సీసా ఒంపి చూశాను. కుండపోతగా కురిసిన రోజు నీళ్ళవి, గ్లాసు చూపించింది మామూలు వానంత. తిరగేస్తే అడుగున రాసి ఉంది, అది పెద్ద మూతి గరాటుకి చేసిన గ్లాసని. మా గరాటు మూతి వైశాల్యం దానిలో సరిగ్గా సగం. కాబట్టి ఆ గ్లాసు ఎంత వాన పడినా సగమే చూపిస్తుంది.

మర్నాడు గ్లాసు చంకన పెట్టుకుని స్టోరు గుమాస్తా దగ్గరికి పరిగెత్తాను. "సంతకం పెట్టేశారు కదమ్మా, ఇప్పుడు కాదంటే మీరూ ఇరుక్కుంటారు, నేనూ ఇరుక్కుంటాను. చదివినదాన్ని రెట్టింపు చేసి రాసుకోండి, లెక్క సరిపోతుంది. ఇన్నేళ్ళ నా సర్వీసులో ఇలా మీ ఒక్కరికే జరిగింది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయి తిరిగొచ్చాను. అప్పట్నుంచి ఇరవై రెండేళ్ళు రోజూ చదవడం, రెట్టింపు చేయడం, రాయడం. ఏ అంకెని రెట్టింపు చేస్తే బేసి వస్తుందే?

వాన తప్పు రాయలేదు. దాచానంతే. ఇప్పుడు చెప్పినా ఎవరు నమ్ముతారు? గ్లాసు రిటైరైన రోజు అప్పగించేశాను. ఆ గుమాస్తా పోయి కూడా చాలా ఏళ్ళయింది. కొట్టేస్తే కొట్టేయనీ. నా మూలంగా నీ ఉద్యోగానికి మచ్చ రాకూడదు. ఆ పేర్ల జాబితా మాత్రం మీ నాన్న కంట పడకుండా చూడు, నీకు పుణ్యముంటుంది.

అత్త

*

లెక్కల కేంద్రం, రెండో అంతస్తు
ఏప్రిల్ 19

నా మతిమరుపు అత్తకి,

కొట్టేయనిస్తానా? నువ్వు ఇరవై రెండేళ్ళలో అప్పుడప్పుడు మర్చిపోయినందుకు నీ రెండు చేతులూ కళ్ళకద్దుకోవాలని ఉంది!

నీ ఉత్తరం చదవగానే ఒక్కటే తట్టింది. రోజూ రెట్టింపు చేసే మనిషి ఏదో ఒక రోజు చేయడం మర్చిపోకుండా ఉంటుందా? మర్చిపోతే ఆ రోజు గ్లాసు చూపించిన సగమే కాగితంలో పడుతుంది. అది బేసి కూడా కావచ్చు. మాస్టారు టైపు తప్పులని పక్కన పెట్టిన ఆ పదిహేడూ తీసి, నీ చేతిరాత ఫొటోలతో ఒక్కొక్కటే పోల్చాను. మూడు నిజంగానే టైపు తప్పులు, ఎనిమిదిని మూడు అనుకున్నారు. మిగతా పధ్నాలుగు నువ్వు రాసినవే.

ఇప్పుడు చూడు. నీకు అటూ ఇటూ ఉన్న రెండు కేంద్రాల్లో ఆ రోజుల్లో ఎంత పడిందో తీశాను. నువ్వు 11.3 మిల్లీమీటర్లు రాసిన రోజు వాళ్ళు 22, 23 రాశారు. నువ్వు 4.7 రాసిన రోజు వాళ్ళకి తొమ్మిదిన్నర. పధ్నాలుగుకి పధ్నాలుగు రోజులూ నువ్వు దాదాపు సగం! మిగిలిన రెండువేల చిల్లర రోజుల్లో ఇంచుమించు అన్నిటా వాళ్ళతో పక్కపక్కనే నడిచావు. ఇంట్లో కూర్చుని ఊహించి రాసేవాళ్ళు ఇలాంటి పొరపాటు చేయలేరు. సగం చూపించే గ్లాసు ఎదురుగా ఉంటేనే ఇది జరుగుతుంది.

ఆ పధ్నాలుగు తేదీలూ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. ఆ రోజుల్లో ఏం జరిగిందో గుర్తుందా? వాటిలో ఒక తేదీ నాకూ తెలుసు. కానీ నువ్వే చెప్పాలి.

నీ పిడుగు

*

ఇల్లు, వెనక వసారా
ఏప్రిల్ 27

నా బంగారూ,

అటకెక్కించిన గోడ క్యాలెండర్లన్నీ మీ నాన్న చేత దింపించాను. ఎందుకని అడిగాడు. చెప్పేశాను, మొత్తం. వాడు వింటూ ఒక్కో క్యాలెండరూ దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు. ఆనక జలుబు మొదలైంది.

ఇద్దరం కూర్చుని నీ తేదీలు వెతికాం. మొదటిది మీ నాయనమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న రోజు. నవంబరులో వరసగా మూడు రోజులు నాకు ఒళ్ళు కాలిపోతున్న జ్వరం, గోడ పట్టుకుని వెళ్ళి కొలిచాను. ఒకటి మీ నాన్నకి ఉద్యోగం కాగితం వచ్చిన పొద్దు. ఇంకోటి వంటింటి కప్పు కూలిన రోజు, ఆ ఇటుకలు తీస్తూ మధ్యలో లేచి వెళ్ళాను. ఎదురింటావిడతో పెద్ద గొడవ పడిన రోజు కూడా ఉంది, అందులో తప్పు ఆవిడదే. రెండు రోజులకి మాత్రం ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. క్యాలెండర్లో పాలు రాలేదని తప్ప ఏమీ లేదు. ఊరికే మర్చిపోయి ఉంటాను.

నీ జాబితాలో తొమ్మిదోది చూసి ఆ క్యాలెండరు ఒళ్ళో పెట్టుకున్నాను. అది నువ్వు పుట్టిన రోజు. ఆస్పత్రినుంచి కబురొచ్చేసరికి గ్లాసు చేతిలో ఉంది. 18.9 అని గీకేసి, గొడుగు కూడా మరిచి తడుస్తూ పరిగెత్తాను. నువ్వు పుట్టిన రోజు వాన సగమే లెక్కలోకి వెళ్ళిందన్నమాట. అసలు పడింది 37.8. ముందు దాన్ని సరిచెయ్యి.

మీ మాస్టారికి నేనే ఒక కాగితం రాసి ఇందులో పెట్టాను. చూడకుండా సంతకం పెట్టానని, ఇన్నేళ్ళు దాచానని ఒప్పుకున్నాను. వాన విషయంలో మాత్రం ఒక్క చుక్క అబద్ధం రాయలేదని కూడా రాశాను. ఆయన నమ్మినా నమ్మకపోయినా ఇవాళ కడుపునిండా తిన్నాను.

అత్త

*

లెక్కల కేంద్రం, రెండో అంతస్తు
జూన్ 13

అత్తా! అత్తా! అత్తా!

దాటేశావ్. పదకొండు దశలూ దాటేశావ్! ఇక వీధిలోకి నడువు. కాదు, ముందు ఇది చివరిదాకా చదివి అప్పుడు వెళ్ళు, ఎందుకంటే దీని కన్నా పెద్దది జరిగింది.

నీ కాగితం, నా పధ్నాలుగు రోజుల పట్టిక మాస్టారి బల్ల మీద పెట్టాను. గంటసేపు చదివారు. "టైపు తప్పులని రాసింది నేనే కదా" అని తన చేతిరాత తనే కొట్టేశారు. నేను ఎగిరి గంతేయబోతుంటే చెయ్యెత్తి ఆపి, "మీ మేనత్త ఒక్కరి కోసం పైప్‌లైన్లో సందు తెరవను. ఈ పరీక్ష న్యాయమైనదైతే అరవై ఒక్క మందికీ పెట్టండి" అన్నారు. అలా ఐదో దశ తర్వాత కొత్త దశ చేరింది. దాదాపు అన్నీ సరి అంకెలే ఉన్న కేంద్రం కనపడితే, దాని బేసి రోజులు ఇరుగుపొరుగు వానలో సగమా కాదా అని అది చూస్తుంది. సగమైతే ముద్ర చెరిపి, మరిచిన రోజుల్ని రెట్టింపు చేసి ముందుకి పంపుతుంది.

నిన్న పొద్దున ఏడింటికి పని పంపించాను. ఎనిమిదిన్నరకి ఢామ్మని ఆగిపోయింది. కొత్త దశ ప్రతి కేంద్రానికీ ఇరుగుపొరుగుల్ని ఒకేసారి పిలిచేసరికి యంత్రం జ్ఞాపకం నిండిపోయింది. ఉన్నది ఒక్క రోజు! మాస్టారు గోళ్ళు కొరుక్కుంటూ వెనక నిలబడ్డారు. కేంద్రాల్ని నలభై గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుని ఒక్కో యంత్రానికి పంచి, పూర్తయిన ఐదు దశలూ మళ్ళీ చేయకుండా ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ఎనిమిది దశలు దాటాయి. ఐదుంపావుకి తెర మీద "పూర్తయింది" అని పడింది. గదిలో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, నక్షత్రాలవాళ్ళతో సహా.

ముద్ర చెరిగిన కేంద్రాల ఫైలు తెరిచాను. 417 అని ఒక్క వరుస ఉంటుందనుకున్నాను. ముప్ఫై ఎనిమిది వరుసలున్నాయి.

ముప్ఫై ఎనిమిది, అత్తా! అందరికీ గ్లాసులు పంపింది మీ స్టోరే. అందరూ సరి అంకెలే రాశారు, అందరూ ఎప్పుడో ఒక రోజు మర్చిపోయారు. మీ గుమాస్తా "మీ ఒక్కరికే జరిగింది" అన్నాడన్నావే, ఆ మాటే ముప్ఫై ఎనిమిది మందికీ విడివిడిగా చెప్పి ఉంటాడు. మిగతా ఇరవై మూడు కేంద్రాలు నిజంగానే కాకిలెక్కలు, అవి బయటే ఉన్నాయి. మీ ముప్ఫై ఎనిమిదీ లోపలికి వచ్చాక కరకట్ట ఎత్తు రెండడుగులు పెరిగింది. మీ వానలు లేకుండా కట్టి ఉంటే ఆ రెండడుగులూ నీళ్ళకి వదిలేసేవాళ్ళం.

మాస్టారు కుర్చీలో కూలబడి, "ఇంతమందిని దొంగలన్నానా?" అన్నారు. ఇవాళ పొద్దున్న ఆరా తీయించారు. నువ్వు కాక ఇంకా ఇరవై ఒక్కమంది బతికున్నారు. ఆఫీసు తరఫున కాగితం పంపితే కోర్టు నోటీసనుకుని హడలిపోతారట, "మీ మేనత్తగారు రాస్తే బాగుంటుంది, అడిగి చూడండి" అన్నారు. చిరునామాలు పంపుతున్నాను.

నీ పిడుగు

*

ఇల్లు, వెనక వసారా
జూలై 6

పిడుగూ,

వీధి రెండు చివర్లకీ నడిచాను. నవ్విన గుమ్మాల్లో రెండుసార్లు చెప్పాను. ఎదురింటావిడ కాఫీ ఇచ్చింది.

నీ ఉత్తరంలో ముప్ఫై ఎనిమిది అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయానే. నేనొక్కదాన్నే తప్పు చేశానని ముప్ఫై ఏళ్ళు తల దించుకు తిరిగాను. నాలాగే ఇంతమంది తలలు దించుకుని తిరుగుతున్నారని తెలిసి ఉంటే అందరం కలిసి వెళ్ళి ఆ గుమాస్తా బల్ల మీద గ్లాసులు వరసగా పేర్చి ఉండేవాళ్ళం. మొదట ఒళ్ళు మండింది, తర్వాత పగలబడి నవ్వాను.

ఇరవై ఒక్క ఉత్తరాలూ చేత్తోనే రాశాను. అన్నీ ఒకటే. ఇదీ నకలు:

"తోటి పరిశీలకులకు, మనం ఎన్నడూ కలుసుకోలేదు. కానీ మీ గ్లాసు సగమే చూపించేదని నాకు తెలుసు. నాదీ అదే. మీరు దాన్ని రోజూ రెట్టింపు చేసి రాశారు, ఎవరికీ చెప్పుకోలేదు. ఇక చెప్పుకోవచ్చు. యంత్రాలు మన కాగితాలన్నీ ఒక్కొక్క రోజూ సరిచూశాయి. మీరు రాసిన వాన నిజమని తేలింది. దాన్ని నమ్ముకుని కరకట్ట కడుతున్నారు. మీరేమీ తప్పు చేయలేదు."

మొదటి జవాబు ఇవాళే వచ్చింది. ఎనభై దాటిన పెద్దాయన, నదికి అటు పక్కన ఎక్కడో ముప్ఫై ఏళ్ళు కొలిచాడట. ఆ వయసులోనూ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. రాసింది ఇంతే:

"అమ్మా, మీ ఉత్తరం మా ఆవిడ చేతికిచ్చి పైకి చదవమన్నాను. ఈ సంగతి ఆమెకి తెలియడం ఇదే మొదలు. ఇన్నేళ్ళూ గ్లాసు మాట వస్తే నేను లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆమె మొత్తం చదివి, మడతపెట్టి, నా మొహం చూసి 'ఇంతేనా?' అంది."

అత్త